ఉప్పుగాలిలో కంప్యూటర్: పాతదాన్ని విప్పి చూసి, కావలసినదే మార్చుకునే పద్ధతి

మా బాబాయికి చెరువుగట్టు మీద చిన్న గది, అందులో ఒక పాత సిస్టమ్ ఉన్నాయి. రొయ్యల మేత లెక్కలు, కూలీల బట్వాడా, డీజిల్ ఖర్చు అన్నీ అందులోనే. పొద్దున్నే స్విచ్ వేసి, సెంటర్‌కి వెళ్ళి టీ తాగొస్తే గానీ అది పనికి సిద్ధం కాదు. షాపుకి తీసుకెళితే "దీని పని అయిపోయిందండి, కొత్తది తీసుకోండి" అన్నారట. "ఏరా, కొనెయ్యమంటావా?" అని ఫోన్ చేశాడు. "ఆగు బాబాయ్, పండక్కి వస్తున్నాగా, ముందు విప్పి చూద్దాం" అన్నాను.

విప్పితే ఏముంది? ఫ్యాన్ వెనక కొబ్బరి పీచు దుమ్ము తేమతో కలిసి చాపలా అల్లుకుపోయింది. లోపల ఫైళ్ళు దాచే పాత హార్డ్ డిస్కు, తెరిచిన ప్రోగ్రాములు నిలబడే మెమరీ, అంటే ర్యామ్, 4 జీబీ. బోర్డు, ప్రాసెసర్ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అప్పుడు చేసిన పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మన గోదావరి డెల్టాలో కంప్యూటర్‌ని తినేసేవి మూడు: తేమ, ఉప్పుగాలి, నిలకడ లేని కరెంటు. వీటిని పట్టించుకోకుండా ఎంత ఖరీదైన పార్టు వేసినా రెండు వానాకాలాలు దాటదు.

మొదటి పని: ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం

స్క్రూ డ్రైవరు ఇంకా ముట్టుకోవద్దు. సిస్టమ్ ఆన్ చేసి, రోజూ వాడే ప్రోగ్రాములు తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగం చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయి, ప్రాసెసర్ పది ఇరవై శాతం దగ్గర ఖాళీగా కూర్చుంటే దోషం హార్డ్ డిస్కుది. బ్రౌజర్, లెక్కల సాఫ్ట్‌వేర్ తెరవగానే మెమరీ 85, 90 దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. ప్రాసెసర్ వేగం మొదట బాగానే ఉండి, పది నిమిషాల తర్వాత 1 గిగాహెర్ట్జ్ కిందకి పడిపోతుంటే అది వేడి సంగతి. లోపల దుమ్ము నిండింది, లేదా ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు దిమ్మెకి, అంటే హీట్ సింక్‌కి, అందించే థర్మల్ పేస్టు ఎండిపోయింది. బాబాయి సిస్టమ్‌లో ఈ మూడూ కలిసే ఉన్నాయి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి డిస్కు ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వచ్చిందా, ముఖ్యంగా కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ పక్కన సున్నా కాకుండా అంకె కనిపించిందా, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఫైళ్ళు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ స్థితిలో "ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం" అనడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా చూసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత, దాని పక్కనే బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే బ్యాటరీ కొత్తలో ఉన్న సత్తా, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు మిగిలినది. రెండోది మొదటిదానిలో సగానికి దిగిపోయిందంటే కొత్త బ్యాటరీకి డబ్బులు సిద్ధం చేసుకోవచ్చు.

రెండో పని: ముందు కరెంటు, తర్వాతే పార్టులు

హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన ఎస్‌ఎస్‌డీ కొనమంటే వెంటనే కొంటారు గానీ ఎర్తింగ్ అంటే "చూద్దాంలే" అంటారు. మన పల్లెల్లో అసలు రోగం అక్కడే ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జింగులో ఉండగా పైన ఇనుప మూత మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటోందా? ఛార్జర్‌లో ఉండే చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే అతి కొద్ది కరెంటు భూమిలోకి పోయే దారి లేక మీ వేలి గుండా పోతోందన్నమాట. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఉన్నచోట కూడా ప్లగ్గుకి మూడో పిన్ను విరిచేసి వాడేవాళ్ళని చూశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మన నేలలో నీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి ఎర్త్ గుంత తీయడం కష్టమేమీ కాదు. గుంత ఉండి, దాన్నుంచి వచ్చే వైరు తుప్పు పట్టి తెగిపోవడమే తరచు జరిగేది.

ఇక వోల్టేజీ. చెరువులున్న ఊళ్ళలో రాత్రి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే ట్యూబులైటు కూడా గింజుకుంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది చూడండి. దానికి స్టెబిలైజర్ అక్కర్లేదు. డెస్క్‌టాప్ వెనక పవర్ సప్లై మీద ఏం రాసుందో చదవండి. కొన్ని పాతవాటికి అక్కడే ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది, ఒకవైపు 115, ఇంకోవైపు 230. అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. దుమ్ము తుడుస్తూ దాన్ని 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే ఢామ్మంటుంది.

డెస్క్‌టాప్‌కి కావలసింది యూపీఎస్. 600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లు మోస్తుంది. మామూలు ఆఫీసు సిస్టమ్‌నీ మానిటర్‌నీ పది పదిహేను నిమిషాలు నిలబెడుతుంది, ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చెయ్యడానికి అది చాలు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించకండి. వేడెక్కేటప్పుడు అది ఒక్క గుక్కలో లాగే కరెంటుకి యూపీఎస్ కుయ్యోమంటుంది. రెండు మూడేళ్ళకి యూపీఎస్ నిలవడం మానేస్తే పెట్టె పారేయొద్దు, లోపలి 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే మార్చితే సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. సిస్టమ్ దానిమీదే నడుస్తుంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఎకోలో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది.

మూడో పని: విప్పడం, తుడవడం

షట్‌డౌన్ చేసి ప్లగ్గు తీసేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇనుప క్యాబినెట్‌ని ఒకసారి ముట్టుకుని అప్పుడు లోపలికి చెయ్యి పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే వెనక మూత తియ్యగానే మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్. స్క్రూలు అన్నీ ఒక పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించుకుంటే తలనొప్పి ఉండదు.

మూత తీసినప్పుడు బ్యాటరీ బూరెలా ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపేయండి. టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే కూడా అదే కారణం కావచ్చు. దాన్ని పొడవకూడదు, వంచకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. సర్వీస్ సెంటర్‌కి అప్పగించాలి.

దుమ్ముకి మెత్తటి బ్రష్షు, చేత్తో పట్టుకునే బ్లోయర్ చాలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. అంబాజీపేట చుట్టుపక్కల పీచు దుమ్ము, మిల్లులున్న చోట ఊక దుమ్ము బ్లోయర్‌కి లొంగవు. పట్టకారుతో చాపలా ఊడదీయాలి. పవర్ సప్లై పెట్టె మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా అందులో కెపాసిటర్లు ఛార్జి పట్టుకునే ఉంటాయి. బయటి జాలీ లోంచి గాలి కొట్టడం వరకే మన పని. ఆ పక్కన వాడని స్లాటు రంధ్రాలు తెరిచి ఉంటే రేకు ముక్కలతో మూసెయ్యండి. వెచ్చగా ఉంటుందని బల్లి దూరి అడ్డంగా పడితే బోర్డు షార్టవుతుంది. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు, మా వీధిలోనే రెండు బోర్డులు అలా పోయాయి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు ర్యామ్ తీసి దాని బంగారు పళ్ళు చూడండి. మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. "డిస్‌ప్లే రావట్లేదు, బోర్డు పోయింది" అని తేల్చేసిన సిస్టమ్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

థర్మల్ పేస్టు మార్చాలంటే పాతదాన్ని అదే ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచేసి, కొత్తది ప్రాసెసర్ నడిమధ్య కందిగింజంత పెట్టి, హీట్ సింక్‌ని నిటారుగా దించి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. పేస్టు ఎక్కువైతే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం భ్రమ. టూత్‌పేస్టు రాసి తీసుకొచ్చిన మహానుభావుణ్ణి కూడా చూశాను. వారం బాగానే నడిచిందట, తర్వాత ఎండి సున్నంలా రాలింది.

ఇంకో మాట. ఏసీ గదిలోంచి చల్లటి ల్యాప్‌టాప్‌ని ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే దానికీ చెమట పడుతుంది. ఏసీ బస్సు దిగి ఇంటికి రాగానే బ్యాగులోంచి తీసి ఆన్ చెయ్యకుండా, ఒక అరగంట అలాగే ఉంచండి.

నాలుగో పని: ఎస్‌ఎస్‌డీ

పాత సిస్టమ్‌లో ఒకేఒక్క పార్టు మార్చే డబ్బులుంటే ఇదే మార్చండి. హార్డ్ డిస్కులో ముల్లు తిరిగే పళ్ళెం మీద ఇక్కడో ముక్క, అక్కడో ముక్క వెతుక్కోవాలి. విండోస్ తెరుచుకోవడమంటే వేల చిన్న ఫైళ్ళని అలా వెతకడమే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ వెతుకులాటే ఉండదు.

కొనేముందు మీ బోర్డు ఏది పడుతుందో తెలియాలి. పాత హార్డ్ డిస్కు స్థానంలో అచ్చంగా కూర్చునేది 2.5 అంగుళాల సాటా రకం (ఆ పాత డిస్కు వాడే కనెక్షనే), సెకనుకి సుమారు 550 ఎంబీ చదువుతుంది. పొడుగాటి చూయింగ్ గమ్ ముక్కలా ఉండేది ఎం.2. దానిమీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఇక్కడే చాలామంది పొరపడతారు: ఎం.2 అనేది ఆకారం పేరు, వేగం పేరు కాదు. అదే ఆకారంలో సాటా రకమూ ఉంటుంది, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకమూ ఉంటుంది. సాటా మాత్రమే తీసుకునే స్లాటులో ఎన్‌వీఎంఈ పెడితే సిస్టమ్ దాన్ని గుర్తించదు. మీ మోడల్ పేరుతో కంపెనీ మాన్యువల్ దించుకుని చదవడం ఒక్కటే నమ్మకమైన దారి.

మూడో తరం ఎన్‌వీఎంఈ సెకనుకి 3500 ఎంబీ వరకు పోతుంది. అంకె చూసి మురిసిపోకండి. మేత లెక్కలకీ, బ్రౌజర్‌కీ సాటా ఎస్‌ఎస్‌డీకీ దానికీ తేడా మీ కంటికి ఆనదు. వీడియో ఎడిటింగ్ చేసే పెళ్ళి ఫొటోగ్రాఫర్‌కైతే ఆనుతుంది. పెట్టె మీద టీబీడబ్ల్యూ అనే అంకె చూడండి, వారంటీ వర్తించేలా మొత్తమ్మీద ఎన్ని టెరాబైట్లు రాసుకోవచ్చో అది చెబుతుంది. 500 జీబీ డ్రైవులకి అది తరచు 160, 300 మధ్య ఉంటుంది. ఆఫీసు వాడకానికి 160 అయినా ఏళ్ళ తరబడి సరిపోతుంది.

పాత విండోస్‌ని యథాతథంగా కొత్తదాంట్లోకి దించాలా, కొత్తగా వేసుకోవాలా? నా మటుకు నాకు కొత్తగా వేసుకోవడమే ఇష్టం, పేరుకుపోయిన చెత్తంతా పోతుంది. కానీ బాబాయి లెక్కల సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆ సిస్టమ్‌కే ముడిపడి ఉంది, వేసినాయన ఫోన్ ఎత్తడు. అందుకని క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో మొత్తం నకలు తీశాను. అలా చేసేటప్పుడు కొత్త డిస్కు పాతదానికంటే చిన్నది కాకూడదు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది రెండుసార్లు చదివి ఎంటర్ నొక్కండి, తారుమారైతే ఉన్నది పోతుంది. ల్యాప్‌టాప్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా ముందే చూసుకోవాలి. పార్టు మార్చాక అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసుకున్నాకే స్క్రూ డ్రైవరు పట్టండి.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపిస్తే నమ్మొద్దు. లోపల ఉండేది 32 జీబీయో 64 జీబీయో, పైకి మాత్రం 2 టీబీ అని చూపిస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవు నిండా రాసి, తిరిగి చదివి నిజం చెప్పేస్తుంది. వెనక్కి పంపే గడువు లోపలే ఈ పరీక్ష చెయ్యండి.

ఐదో పని: ర్యామ్

టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో చూపిస్తుంది. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికేశారని అర్థం, దాన్ని మార్చలేరు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాటులో ఒకటి పట్టవు, గంటు వేరేచోట ఉంటుంది. డీడీఆర్3లో మాత్రం ఒక మెలిక ఉంది. మామూలుది 1.5 వోల్టులది, ఎల్ అక్షరం ఉన్నది 1.35 వోల్టులది. గంటు ఒకేచోట ఉంటుంది కాబట్టి రెండూ కూర్చుంటాయి, కానీ ఇంటెల్ నాలుగో తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 రకంతోనే పనిచేస్తాయి.

లెక్కలకీ, ఆన్‌లైన్ దరఖాస్తులకీ 8 జీబీ చాలు. భీమవరంలోనో కాకినాడలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి 16 పెట్టండి. స్లాట్లు రెండుంటే ఒకే రకం ముక్కలు రెండు వేస్తే మేలు, మెమరీకి రెండు దారులు దొరుకుతాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు తరలిపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అందుకే ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ డీడీఆర్4 ముక్క వెతుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు. తెచ్చాక ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపించి, ఒక్క తప్పు వచ్చినా తిరిగి ఇచ్చేయండి.

ల్యాప్‌టాప్ ర్యామ్‌ని ఏటవాలుగా దూర్చి, కిందికి వంచితే రెండువైపులా క్లిప్పులు టక్కున పడాలి. పెట్టాక తెర నల్లగానే ఉంటే కంగారు పడొద్దు. నూటికి తొంభైసార్లు సరిగా కూర్చోకపోవడమే కారణం. తీసి మళ్ళీ పెట్టండి.

విండోస్ సంగతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. బాబాయిది ఆరో తరం. గడువు అయ్యేదాకా విండోస్ 10, ఆ తర్వాత ఆ గదిలో ఇంటర్నెట్ పనంతా విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ మీద, లెక్కలు మాత్రం నెట్ లేని పాత విండోస్ మీద అని ఒప్పందం చేసుకున్నాం. దొడ్డిదారిన విండోస్ 11 వేయించుకునేవాళ్ళు ఉన్నారు గానీ, అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయో తెలియని దానిమీద వ్యాపారం లెక్కలు పెట్టమని నేను చెప్పను.

కొత్త పార్టులన్నీ కలిపి అయ్యే ఖర్చు, అదే పాటి సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ఖరీదులో సగం దాటుతుంటే ఆగండి. రెండో మూడో తరం ప్రాసెసర్ మీద డబ్బు పోయడం దండగ. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెచ్చే ఆఫీసు వాడకం ల్యాప్‌టాప్‌లు మంచివే. బ్యాటరీ రిపోర్టు, డిస్కు ఎన్ని గంటలు నడిచిందో, ఆన్ చెయ్యగానే మొదట నడిచే బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందో లేదో, తెర మడిచే కీలు వదులైందో లేదో షాపులోనే చూసుకోండి.

ఫోన్లు, రౌటర్లు

రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, ముందు మీ రౌటర్ ఎడాప్టర్ మీద 12 అని ఉందో లేదో చూసి కొనండి.

ఫోన్ నీళ్ళు తట్టుకునే ఐపీ68 రకమైనా ఆ పరీక్ష చేసింది మంచినీళ్ళలో. రొయ్యల చెరువు నీళ్ళు ఉప్పువి. పడితే వెంటనే తీసి ఆఫ్ చేసి, నీళ్ళు తట్టుకునే రకమే అయితే మంచినీళ్ళతో పైన కడిగి, తుడిచి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. తడి ఆరకుండా ఛార్జింగ్ పెడితే పిన్నులు పచ్చగా తుప్పెక్కిపోతాయి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు. ఆపిల్ కంపెనీ కూడా 2024లో తన సూచనల్లో బియ్యం వద్దనే రాసింది. మన బియ్యం తవుడు పొడి పోర్టులో దూరితే అదో కొత్త రోగం.

గోదారి వచ్చినప్పుడు

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్ళకి ఇది ప్రత్యేకం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మొదటిదానికే ముఖ్యమైన ఫైళ్ళు బయటి డిస్కులోకి కాపీ చేసి, డిస్కుని సిలికా జెల్ పొట్లాలతో పాటు బిగుతైన డబ్బాలో పెట్టండి. రెండోదానికి సిస్టమ్, యూపీఎస్, రౌటర్ అటకెక్కాలి. వైర్లు ఊడదీసేముందు వెనకవైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, దింపినప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. నీళ్ళు దిగాక గోడలోని సాకెట్లు పూర్తిగా ఆరాయని ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా ప్లగ్గు పెట్టొద్దు.